ఫైలు పేరు మార్చండి, తోక తెంచకండి

అనంతపురం మెట్ట పల్లెల్లో వాన ముఖం చాటేస్తే శెనక్కాయ పంట పోతుంది. పంట పోతే బీమాకు, సాయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి పట్టాదారు పాసుపుస్తకం కావాలి. బ్యాంకు పుస్తకం కావాలి. ఒకప్పుడు ఈ కాగితాలు ట్రంకుపెట్టెలో మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి ఫోటోలు కంప్యూటర్లోనూ ఉంటున్నాయి.

కంప్యూటర్లో దాచిన ఒక్కో కాగితాన్ని, ఒక్కో ఫోటోను ఫైలు అంటారు. ప్రతి ఫైలుకూ ఒక పేరుంటుంది. ఫోనుతో తీసిన ఫోటో పేరులో ఎక్కువగా అంకెలే ఉంటాయి. అది పాసుపుస్తకమో, పెళ్ళి ఫోటోనో పేరు చూస్తే తెలీదు. అందుకే సంఘం లెక్కలు రాసే అక్క ఆ పేరు తీసేసి "పాసుపుస్తకం" అని రాస్తుంది. మంచి పనే. కానీ ఒక జాగ్రత్త ఉంది.

తోక అంటే ఏమిటి?

ఫైలు పేరు చివర ఒక చుక్క ఉంటుంది. చుక్క తర్వాత మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. దీన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. మనం తోక అందాం. ఫోటోకు ఎక్కువగా "జేపీజీ" అనే తోక ఉంటుంది. దరఖాస్తు కాగితాలకు "పీడీఎఫ్" అనే తోక ఎక్కువగా కనబడుతుంది.

ఇంట్లో శెనక్కాయల మూటకు ఒక చీటీ, కొర్రల మూటకు ఒక చీటీ కట్టామనుకోండి. మూట విప్పకుండానే లోపల ఏముందో తెలుస్తుంది. తోక కూడా అలాంటి చీటీయే. దాన్ని చూసే విండోస్ కంప్యూటరు ఫైలును ఎలా తెరవాలో తెలుసుకుంటుంది.

తోక పోతే?

ఫైలు తెరుచుకోదు. దరఖాస్తుకు అదే ఆఖరి రోజైతే గుండె జారిపోతుంది. భయపడొద్దు. చీటీ ఊడితే మూటలో కాయలు మాయమవుతాయా? చుక్క పెట్టి, పాత తోకను మళ్ళీ రాస్తే ఫైలు తెరుచుకుంటుంది. తొందరపడి దాన్ని తీసెయ్యకూడదు.

ఇంకో సంగతి. శెనక్కాయల మూటకు కొర్రల చీటీ కడితే కాయలు కొర్రలు కావు. అలాగే "జేపీజీ" చెరిపి "పీడీఎఫ్" అని రాసినంత మాత్రాన ఫోటో పీడీఎఫ్ అయిపోదు. పీడీఎఫ్ కావాలంటే కంప్యూటరుతోనే అలా తయారు చేయించుకోవాలి.

పేరు మార్చే పద్ధతి

1. ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కాలి. "రీనేమ్" ఎంచుకోవాలి.
2. చుక్కకు ముందున్న పేరు మాత్రమే మార్చాలి. చుక్కనూ, తోకనూ ముట్టుకోకూడదు.
3. ఎంటర్ నొక్కాలి. తోక మారితే, ఫైలు పనికిరాకుండా పోవచ్చని కంప్యూటరు ఇంగ్లీషులో హెచ్చరిస్తుంది. అప్పుడు "నో" నొక్కాలి.
4. ఫైలును ఒకసారి తెరిచి చూసుకోవాలి.

కొన్ని కంప్యూటర్లలో తోక కనబడదు. లేదనుకోకండి. దాగి ఉంటుంది. అప్పుడు పేరు రాస్తే చాలు. తోక మళ్ళీ రాయనక్కర్లేదు.

1981లో వచ్చిన డాస్ కంప్యూటర్లలో పేరుకు 8 అక్షరాలు, తోకకు 3 అక్షరాలు మించకూడదు. 1995లో విండోస్ 95 వచ్చాక పొడుగు పేర్లు రాసే వీలు కలిగింది. కాబట్టి "పాసుపుస్తకం మొదటి పేజీ" అని నిండుగానే రాసుకోవచ్చు.

ఆలోచించి చెప్పండి

1. ఫైలు తోక ఎక్కడ ఉంటుంది?
2. తోక ఊడితే లోపలి కాగితం పోతుందా?
3. మీ కాగితాల ఫోటోలకు ఏ పేర్లు పెడతారు?