కార్యాలయాలు కాపురాలైన వేళ

కెనడాలోని కాల్గరీ చమురు వ్యాపారంతో ఎదిగిన నగరం. 2014లో ప్రపంచ విపణిలో చమురు ధర కుప్పకూలింది. నగర నడిబొడ్డున ఆకాశాన్నంటే సౌధాలలో కొలువుదీరిన కంపెనీలు ఉద్యోగులను తగ్గించి, అంతస్తుల తరబడి ఖాళీ చేశాయి. కొన్నేళ్ళు తిరిగేసరికి అక్కడి కార్యాలయ స్థలంలో దాదాపు మూడోవంతుకు తాళాలు పడ్డాయి. భవనాల విలువ దిగజారడంతో నగరపాలక సంస్థకు వాటిపై రావలసిన పన్నులు కూడా తగ్గిపోయాయి.

అదే నగరంలో అద్దె భరించలేక, పిల్లాపాపలతో శరణాలయాల తలుపు తట్టే కుటుంబాలున్నాయి. ఒకవైపు మనుషులు లేని గదులు. మరొకవైపు గదులు లేని మనుషులు. ఈ రెంటినీ కలపడం సాధ్యమా?

సాధ్యమేనని చూపిన కట్టడాలలో సియెర్రా ప్లేస్ ఒకటి. ఈ పాత పదంతస్తుల కార్యాలయ భవనాన్ని లాభాపేక్ష లేని ఒక గృహనిర్మాణ సంస్థ చేపట్టింది. 2022 నాటికి అది ‘నియోమా’ అన్న కొత్త పేరుతో, సామాన్యులకు అందుబాటులో ఉండే 82 అద్దె ఇళ్ళుగా రూపొందింది. గూడు కోల్పోయిన కుటుంబాలకు తాత్కాలిక ఆశ్రయం కూడా అదే కప్పు కింద ఏర్పాటయింది. 2021లో నగరపాలక సంస్థ మరో అడుగు ముందుకు వేసింది. ఖాళీ కార్యాలయాన్ని నివాసంగా మార్చే యజమానికి చదరపు అడుగుకు 75 డాలర్ల చొప్పున సహాయం ప్రకటించింది. 2031 నాటికి 60 లక్షల చదరపు అడుగుల కార్యాలయ స్థలాన్ని ఈ విధంగా తగ్గించాలన్నది దాని సంకల్పం.

కిటికీలతో వచ్చిన చిక్కు

బల్లలు తీసి మంచాలు వేసినంత మాత్రాన కార్యాలయం ఇల్లు కాదు. విద్యుద్దీపాలు, ఎయిర్ కండిషనర్లు వచ్చిన తరువాత కార్యాలయాలను ఎంతో వెడల్పుగా కట్టసాగారు. మధ్యలో కూర్చున్న గుమాస్తాకు కిటికీ లేకపోయినా పని సాగుతుంది. కాని పడకగదికి వెలుతురు కావాలి, గాలి కావాలి. కార్యాలయంలో నీటి గొట్టాలన్నీ లిఫ్టుల సమీపాన ఒకేచోట ఉంటాయి; ఇళ్ళయితే ప్రతి వంటగదికీ, ప్రతి స్నానాల గదికీ వేరువేరుగా గొట్టాలు వేయాలి. అందుకోసం ప్రతి అంతస్తులోనూ కాంక్రీటును తొలవాలి. అందువల్లనే ఎయిర్ కండిషనర్ల కాలానికి ముందు కట్టిన సన్నని పాత భవనాలు ఈ మార్పుకు సులువుగా లొంగుతాయి.

న్యూయార్కులోని 25 వాటర్ స్ట్రీట్ భవనం 1960వ దశకం చివరిలో కట్టినది. లోపలి గదులకు వెలుతురు చేర్చడానికి ఇంజనీర్లు దాని నడుమ రెండు నిలువు బావులవంటి ఖాళీలను తొలిచారు. అలా కోల్పోయిన స్థలానికి బదులుగా పైన పది అంతస్తులు చేర్చారు. సుమారు 1300 ఇళ్ళు ఏర్పడ్డాయి. వాటిలో నాలుగోవంతు తక్కువ ఆదాయం కలవారికి కేటాయించారు.

ఈ కేటాయింపు దానంతటదే రాలేదు. 1995లో ఆ నగరంలోని వాల్ స్ట్రీట్ ప్రాంతంలో ఇటువంటి మార్పులకే పన్ను రాయితీ ఇచ్చారు. వేలకొలది ఇళ్ళు వచ్చాయి. కాని పేదలకు కొన్ని ఇళ్ళు కేటాయించాలన్న షరతు లేనందున ఆ ప్రాంతం సంపన్నుల నివాసంగా మారింది. ఆ అనుభవం తరువాత, 2024 నాటి చట్టం రాయితీ కోరే యజమాని నాలుగోవంతు ఇళ్ళను అందుబాటు అద్దెకు ఇచ్చి తీరాలన్నది.

ఇంగ్లండు నేర్చిన గుణపాఠం

షరతులు సడలిస్తే ఏమవుతుందో ఇంగ్లండు చూపింది. 2013 మే నెలలో అక్కడి ప్రభుత్వం, సాధారణ ప్రణాళికా అనుమతి లేకుండానే కార్యాలయాలను ఇళ్ళుగా మార్చుకునే హక్కు కల్పించింది. హార్లో పట్టణంలో టెర్మినస్ హౌస్ అనే పద్నాలుగు అంతస్తుల భవనం రెండు వందలకు పైగా ఇరుకు ఇళ్ళుగా మారింది. ఇల్లు లేని కుటుంబాలను లండను పురపాలక సంఘాలు అక్కడికి పంపాయి. బంధువులకు, పిల్లల బడులకు దూరమై, తల్లీబిడ్డలు ఒకే గదిలో తలదాచుకోవలసి వచ్చింది.

2020లో లండను విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు ప్రభుత్వం కోసం ఇటువంటి ఇళ్ళను పరిశీలించారు. వాటిలో జాతీయ వైశాల్య ప్రమాణాన్ని అందుకున్నవి నూటికి 22 మాత్రమే. పూర్తి అనుమతితో మార్చిన ఇళ్ళలో ఆ సంఖ్య 73. ఆ ఏడాదే ముఖ్యమైన గదులకు సహజమైన వెలుతురు తప్పనిసరి అయింది. 2021 ఏప్రిల్ నుంచి కనీసం 37 చదరపు మీటర్లు, అంటే సుమారు 400 చదరపు అడుగులు ఉండాలన్న నిబంధన కూడా వర్తించింది.

భారతదేశంలోనూ ఇదే ఆలోచన మరొక రూపంలో వచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం, ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా పడివున్న ఇళ్ళను వలసకూలీలకు, పట్టణ పేదలకు అద్దెకిచ్చే పథకం ఆరంభించింది. అక్కడ మార్చవలసినవి కార్యాలయాలు కావు, ఇళ్ళే. అయినా అద్దెకుండేవారి ప్రశ్నలు మారవు: పని దొరికే చోటు దగ్గరేనా? అద్దె కూలితో తీరుతుందా?

ఉన్న కట్టడాన్ని నిలుపుకుంటే దానిలోని సిమెంటు, ఉక్కు వృథా కావు. నగరం నడుమన రోడ్డు, నీరు, బస్సు ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ లాభం యజమానికే పరిమితం కావాలా, అద్దెకుండే కుటుంబానికీ దక్కాలా అన్నది గోడలు తొలవడానికి ముందే, అనుమతిపత్రం మీద రాసే షరతుల దగ్గరే తేలిపోతుంది.