యాంజియోగ్రాం వల్ల గుండెకు దెబ్బ తగులుతుందా?

మన్నాఏఖేళ్ళి హైదరాబాదు, పుణె రహదారి మీది ఊరు. ఇటువంటి మన ఊళ్ళలో ఎవరికైనా గుండెలో నొప్పి వచ్చి, డాక్టరుగారు "యాంజియోగ్రాం చేయించండి" అంటే, ఇంట్లో పెద్దవాళ్ళు మొదట అడిగేది ఇదే: "గుండెదాకా గొట్టం పంపిస్తే మంచి గుండె కూడా పాడవదా?"

ఒకప్పుడు డాక్టర్లకూ ఈ భయం ఉండేది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ ఒక రోగిని పరీక్షిస్తుండగా, రంగు మందు అనుకోకుండా నేరుగా గుండె రక్తనాళంలోకి పోయింది. గుండె కొన్ని క్షణాలు ఆగింది. దగ్గమనగానే రోగి దగ్గాడు, గుండె మళ్ళీ కొట్టుకుంది. ఈనాటి యాంజియోగ్రాంకు అదే నాంది.

గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీను రక్తంలో పెరుగుతుంది. ఇప్పటి రక్తపరీక్షలు లేశమాత్రం పెరిగినా పట్టేస్తాయి. యాంజియోగ్రాం ఏ ఇబ్బందీ లేకుండా ముగిసిన కొందరిలో కూడా ఇది కాస్త పెరుగుతుంది. గొట్టం తగిలి నాళంలోని కొవ్వు రేణువు కదలడం, చిన్న గాలిబుడగ పోవడం, నాళం కాసేపు బిగుసుకోవడం ఇందుకు కారణాలు కావచ్చు. కనుక పెద్దల అనుమానం ఉత్తది కాదు. అయితే ఇంతమాత్రాన దాన్ని గుండెపోటు అనరు. పరీక్ష వల్ల గుండెపోటు, పక్షవాతం, మరణం సంభవించేది నూటికి ఒకరికన్నా తక్కువ మందికే.

మరి ఏం చేయాలి? గుండెపోటు వచ్చినవారికి యాంజియోగ్రాం ప్రాణం నిలిపే చికిత్సకు దారి చూపుతుంది. వారు ఈ చిన్న గీత గురించి జంకి ఆలస్యం చేయరాదు. నిలకడగా ఉన్న నొప్పి, ఓ మోస్తరు అనుమానం అయితే, సి.టి. స్కాను సరిపోతుందేమో అడగవచ్చు. అటువంటి 3,561 మందిపై ఐరోపాలో జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. పరీక్షకు, ఆ తర్వాతి చికిత్సకు సంబంధించిన పెద్ద చిక్కులు సి.టి.తో మొదలుపెట్టినవారిలో నూటికి 0.5, గొట్టం పరీక్షతో మొదలుపెట్టినవారిలో 1.9. తర్వాతి సంవత్సరాల్లో గుండెపోటు వంటి ముప్పులు మాత్రం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానమే.

మూత్రపిండాల జబ్బు, రంగు మందు పడకపోవడం, వాడుతున్న షుగరు మాత్రలు ముందే చెప్పండి. పరీక్ష తర్వాత ఛాతీలో నొప్పి వస్తే "మామూలే" అనుకోక వెంటనే డాక్టరుకు తెలపండి. భయపడి మానుకోవడం కన్నా, "ఇది నాకు ఇప్పుడు ఎందుకు అవసరం?" అని అడిగి తెలుసుకోవడం మేలు.