ఢిల్లీ కాగితం కోసం రెండు మైదానాలు

దినపత్రిక లోపలి పేజీల్లో కూరగాయల రేట్ల పక్కన రోజూ ఓ చిన్న పెట్టె కనిపిస్తుంది. నూరు గుడ్ల ధర, ఊళ్ల పేర్లతో. హైదరాబాద్ ఇంత, విజయవాడ ఇంత, చిత్తూరు ఇంత. ఆ ధర చెప్పేది నెక్, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ. గుడ్డు ధర దళారి కాదు, రైతే చెప్పాలని 1982లో దాన్ని నిలబెట్టినవాడు బండా వాసుదేవరావు, హైదరాబాద్ నుంచి పుణె వెళ్లి స్థిరపడిన తెలుగువాడు. 1971లో ఆయన మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీసే ఇవాళ్టి వెంకీస్. ఆయన 1996లో కన్నుమూశారు. ఆ తర్వాత 14 ఏళ్లకు, 2010 నవంబరు 19న, ఆయన కూతురు అనురాధ దేశాయ్, కొడుకులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు కలిసి ఇంగ్లండ్‌లో ఓ ఫుట్‌బాల్ క్లబ్‌ను కొన్నారు. ప్రీమియర్ లీగ్ క్లబ్ ఒక భారతీయ కంపెనీ చేతికి రావడం అదే మొదటిసారి.

ఆ క్లబ్ పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. ఊరు బ్లాక్‌బర్న్, ఒకప్పుడు నూలు మిల్లులతో బతికిన ఊరు. చుట్టుపక్కల కలిపినా జనాభా లక్షా 55 వేలు. మన అనంతపురం పట్టణమే దానికన్నా పెద్దది. అక్కడ మూడింట ఒక వంతుకు పైగా ఆసియా మూలాలవాళ్లే. వాళ్లలో చాలామంది మిల్లు పనికి వెళ్లినవాళ్ల పిల్లలు, మనవళ్లు. క్లబ్ పుట్టింది 1875లో. 1888లో ఇంగ్లిష్ లీగ్ మొదలైనప్పుడు అందులో ఉన్న 12 జట్లలో ఇదొకటి. ఎఫ్‌ఏ కప్పు 6 సార్లు, లీగ్ టైటిల్ 3 సార్లు గెలిచింది. మూడో టైటిల్ 1995లో, జాక్ వాకర్ అనే స్థానిక ఉక్కు వ్యాపారి డబ్బుతో. వాకర్ 2000లో పోయాక క్లబ్ ఆయన ట్రస్టు చేతిలో ఉండిపోయింది. ట్రస్టు క్లబ్‌ను అమ్మకానికి పెట్టింది.

అనంతపురంలో కూర్చుని ఈ క్లబ్ లెక్కలు ఎందుకు తిరగేస్తున్నానో కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను. ముందు అమ్మకం సంగతి.

వెంకీస్ క్లబ్‌లో 99.9 శాతం వాటాకు చెల్లించింది 2.3 కోట్ల పౌండ్లు. అప్పటి మారకంలో దాదాపు 165 కోట్ల రూపాయలు. దానితోపాటు క్లబ్ నెత్తిన ఉన్న సుమారు 2 కోట్ల పౌండ్ల అప్పు కూడా వాళ్ల మీదికి వచ్చింది. చర్చలు జరుగుతున్న సంగతి అక్టోబరు చివర్లో బయటపడితే, నెల తిరగకుండానే సంతకాలు అయిపోయాయి. అంతకు కొద్ది నెలల ముందు బహ్రెయిన్ నుంచి పనిచేసిన అహసన్ అలీ సయ్యద్ అనే వ్యాపారి ఇదే క్లబ్ కోసం వచ్చారు; ఆ బేరం కుదరలేదు. ఆయన 2011 జనవరిలో స్పెయిన్‌లో రేసింగ్ సాంతాందేర్ కొన్నారు. అదే ఏడాది వేసవికి ఆ క్లబ్ దివాలా చట్టం కిందికి వెళ్లింది. అంచేత వెంకీస్ పేరు వినగానే బ్లాక్‌బర్న్ అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. నిజంగా కంపెనీ ఉంది, వ్యాపారం ఉంది, డబ్బుంది.

ఆమోదం అనే తంతు చూసేది సరిగ్గా అదే. ఇంగ్లండ్‌లో 2004 నుంచి యజమానులకూ డైరెక్టర్లకూ అర్హత పరీక్ష ఉంది. కొనేవాడు దివాలా తీశాడా, మోసం కేసులో శిక్ష పడిందా, డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నలకు కాగితాలు చూపిస్తే గట్టెక్కినట్టే. మానవ హక్కుల ఉల్లంఘన అనే మాట ప్రీమియర్ లీగ్ నిబంధనల్లోకి వచ్చింది 2023 మార్చిలో. ఎంత వాటా ఉంటే యజమాని కింద లెక్క అనే గీతను 30 శాతం నుంచి 25కి దించిందీ అప్పుడే. కొనేవాడికి ఆట తెలుసా, ఊరు తెలుసా, పదేళ్ల తర్వాత కూడా డబ్బు పంపగలడా అనేది ఆ పరీక్షలో లేదు. అభిమానిని అడగడం అసలే లేదు.

అడిగి ఉంటే అడ్డుపడేవాళ్లా? అదీ అనుమానమే. న్యూకాజిల్ యునైటెడ్ సంగతి చూడండి. సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి 80 శాతం వాటాతో దాన్ని కొంటుందని 2020 ఏప్రిల్‌లో తేలింది. ధర 30.5 కోట్ల పౌండ్లు. జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీ హత్య జరిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. క్లబ్ అభిమానుల ట్రస్టు తన సభ్యులను అడిగితే 96.7 శాతం కొనుగోలుకు సరే అన్నారు. ఆమోదం రావడానికి 18 నెలలు పట్టింది, 2021 అక్టోబరు 7 దాకా. ఆ 18 నెలలూ ఆ ఊరు వాన కోసం మనం చూసినట్టు ప్రకటన కోసం చూసింది. వాళ్లను తప్పు పట్టడం నాకు చేతకాదు. ఏళ్ల తరబడి ఎండిన చోట కూర్చున్నవాడు మేఘం ఏ దిక్కు నుంచి వచ్చిందని అడగడు. ఆ ప్రశ్న అడగడానికే లీగ్ ఉంది, ప్రభుత్వం ఉంది.

బ్లాక్‌బర్న్‌లో మేఘం వచ్చింది. కొన్న 24వ రోజున, డిసెంబరు 13న, కోచ్ శామ్ అలార్డైస్‌ను తీసేశారు. జట్టు అప్పటికి 13వ స్థానంలో ఉంది, ఉన్న డబ్బుకు అది మంచి స్థానమే. ఆయన స్థానంలో స్టీవ్ కీన్ వచ్చాడు. 2012 మే 7న విగన్ చేతిలో 1–0తో ఓడి, 11 ఏళ్ల తర్వాత జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. ఆ రోజు ఎవరో ఓ కోడికి క్లబ్ రంగుల బట్ట కప్పి మైదానంలోకి వదిలారు. ప్రపంచమంతా ఆ ఫొటో చూసి నవ్వింది. గుడ్డు ధర రైతు చేతికి తెచ్చిన మనిషి కుటుంబం కనుక నాకు ఆ ఫొటో చూస్తే మనసు కలుక్కుమంటుంది. టికెట్ కొన్నవాడి కోపం అంతకన్నా నిజమైనదని కూడా ఒప్పుకోవాలి.

తర్వాతి సీజన్‌లో హెన్నింగ్ బెర్గ్ అనే కోచ్ 57 రోజులు ఉన్నాడు. 10 మ్యాచ్‌లకు 1 గెలుపు. ఒప్పందం మధ్యలో తీసేసినందుకు కోర్టు ఆయనకు 22.5 లక్షల పౌండ్లు ఇప్పించింది. పనిచేసిన ఒక్కో రోజుకు 39 వేల పౌండ్లన్న మాట. ఆయన తర్వాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. 2017లో, సరిగ్గా అదే మే 7న, ఆఖరి మ్యాచ్ 3–1తో గెలిచి కూడా గోల్స్ తేడాతో మూడో అంచెకు పడిపోయారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందికి దిగడం అంతకుముందు లేదు. 31 వేల సీట్లున్న యూవుడ్ పార్క్‌కు కొనుగోలు రోజుల్లో సగటున 25 వేల మంది వచ్చేవాళ్లు. ఆ ఏడాది 13 వేల లోపే. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నామని మన పెద్దవాళ్లు అనే మాట వాళ్ల భాషలో ఏమంటారో గానీ, ఆ ఖాళీ కుర్చీల అర్థం అదే. మరుసటి ఏడాదే మళ్లీ రెండో అంచెకు ఎక్కారు. అక్కడే నిలదొక్కుకున్నారు.

ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. రెండో అంచె, అంటే ఛాంపియన్‌షిప్‌లో, క్లబ్బులన్నీ కలిపి చూస్తే ఆదాయంకన్నా జీతాల ఖర్చే ఎక్కువైన సంవత్సరాలు ఉన్నాయి. మూడేళ్లలో కలిపి 3.9 కోట్ల పౌండ్ల దాకా నష్టం రావచ్చని లీగ్ నిబంధనలే ఒప్పుకుంటాయి, కాకపోతే అందులో పెద్ద భాగాన్ని యజమాని తన జేబులోంచి పూడ్చాలి. వెంకీస్ ఇలా పూడుస్తూ వచ్చిన మొత్తం 20 కోట్ల పౌండ్లు దాటిందని అంచనా. కొన్న ధరకు దాదాపు 9 రెట్లు. అందరూ తర్జనభర్జన పడింది మొదటి 2.3 కోట్ల మీద. ఊరిని నిలబెట్టిందీ, కట్టేసిందీ తర్వాతి 20 కోట్లు. జట్టును చెడగొట్టారని వాళ్లను తిట్టిన అభిమాని కూడా వాళ్లు రేపు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో తెలిసినవాడే. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోని బరీ క్లబ్ 2018 డిసెంబరులో 1 పౌండ్‌కు చేతులు మారింది. 2019 ఆగస్టు 27న లీగ్ దాన్ని వెళ్లగొట్టింది. 1885 నాటి క్లబ్ అది.

ఆ చెయ్యి 2023లో నిజంగానే ఆగింది. పంపేవాడికి ఇష్టం లేక కాదు. మన దేశం నుంచి ఓ కంపెనీ విదేశంలో పెట్టుబడి పెట్టాలంటే విదేశీ మారకద్రవ్య చట్టం, ఫెమా, ఉంది; మామూలుగా తన నికర విలువకు 4 రెట్ల దాకా, అంటే 400 శాతం వరకు, ముందస్తు అనుమతి లేకుండానే పంపుకోవచ్చు. వెంకీస్ పంపిన డబ్బు మీద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దర్యాప్తు మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. దర్యాప్తు అంటే తప్పు రుజువైనట్టు కాదు, కానీ డబ్బు పంపాల్సి వచ్చిన ప్రతిసారీ ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. పంపే సొమ్ముకు బ్యాంకు గ్యారంటీ చూపించమన్నారు. విచారణ వాయిదా పడితే బ్లాక్‌బర్న్‌లో అభిమానులు మ్యాచ్ ఫలితం చూసినట్టు కోర్టు జాబితా చూశారు. 2024 ఫిబ్రవరిలో, సొంత అకాడమీలో పెరిగిన 19 ఏళ్ల ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు 1.8 కోట్ల పౌండ్లకు అమ్మేశారు. ఆ సీజన్ చివరి రోజున లెస్టర్‌ను 2–0తో ఓడించి గానీ జట్టు గట్టున పడలేదు. పదమూడేళ్ల కిందట దాటేశామనుకున్న ఆమోదం ప్రశ్న ఈసారి ఇంకో దేశం రాజధాని నుంచి వచ్చింది.

అదే రాజధాని నుంచి వచ్చే కాగితం కోసం మనమూ చూశాం.

ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి కాలమనుకునే జిల్లా ఇది. శెనక్కాయ ఎండిపోయిన చేల మధ్య పచ్చగా కనిపించే ఆటస్థలం ఆర్డీటీది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అది. ఆయన 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు. 1996లో బార్సిలోనాలో ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా స్పెయిన్ కుటుంబాలు నెలనెలా కొంత పంపుతాయి. ఆ చిన్న మొత్తాలే ఇక్కడ బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులుగా, ఇళ్లుగా, బళ్లుగా మారాయి. ఆటలు అందులో చిన్న భాగమే. 2010లో రఫేల్ నడాల్ వచ్చి టెన్నిస్ బడి ప్రారంభించాడు. లా లిగా తోడ్పాటుతో ఫుట్‌బాల్ అకాడమీ నడిచింది. ఊళ్ల పిల్లలకు ఓ ఫుట్‌బాల్ లీగ్ ఉంది, ఆడపిల్లల జట్లతో సహా. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఈ మైదానానికే వచ్చింది.

ఇదంతా నిలబడేది విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ మీద. ఇప్పుడున్న చట్టం 2010 నాటిది. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకు. 2020 సవరణ తర్వాత, దేశంలో ఏ మూల ఉన్న సంస్థ అయినా విదేశీ డబ్బును ఒకే ఒక్క చోట తీసుకోవాలి: స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖ. కార్యాలయ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. వీటిలో కొన్నిటికి కారణం ఉంది. బయటి డబ్బు ఎక్కడికి పోతోందో అడిగే హక్కు దేశానికి ఉండాలి, నేను కాదనను. కానీ రెన్యూవల్ ఆగితే మూతపడేది ఢిల్లీలోని ఖాతా ఒక్కటే కాదు.

2025లో ఆర్డీటీ రెన్యూవల్ ఆగింది. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో జనం రోడ్డెక్కారు. ర్యాలీలు తీశారు. అన్ని పార్టీల నాయకులూ మాట్లాడారు. వీధుల్లో నడిచినవాళ్లలో చాలామంది ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, ఆ బడిలో చదివినవాళ్లు, ఆ గ్రౌండులో ఆడినవాళ్లు. వాళ్లకు ఆ సంస్థలో వాటా లేదు, ఓటు లేదు. యూవుడ్ పార్క్ స్టాండులో కూర్చున్నవాడికి ఎంతో, వీళ్లకూ అంతే.

రెండు ఊళ్ల మధ్య సుమారు 8 వేల కిలోమీటర్లు. ఒకటి పుణె డబ్బుతో నడుస్తుంది, ఒకటి స్పెయిన్ డబ్బుతో. ఒకచోట బయటికి వెళ్లే డబ్బుకు, ఇంకోచోట లోపలికి వచ్చే డబ్బుకు, ఢిల్లీ అనుమతి. రెండింటినీ ఒక గాటన కట్టడం అన్యాయమని తెలుసు. ఒకటి వ్యాపారం, ఒకటి సేవ. అయినా ఆడేవాడి వైపు నుంచి, చూసేవాడి వైపు నుంచి ప్రశ్న ఒకటే: మా మైదానం గురించి నిర్ణయం జరిగే గదిలో మా మాట చెప్పేది ఎవరు?

జర్మనీ 1998లో దీనికి ఓ జవాబు రాసుకుంది. క్లబ్ ఓట్లలో 50 శాతం మీద ఇంకొకటి సభ్యుల చేతిలోనే ఉండాలి. కొద్ది మినహాయింపులు తప్పితే, ఎంత డబ్బున్నవాడు వచ్చినా ఆ ఒక్కటి దాటలేడు. ఇంగ్లండ్ 2025 జులైలో చట్టం చేసి ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థ తెచ్చింది. మన దగ్గర ఏమీ లేదు. పుణె జట్టు ఫ్రాంచైజీ మూతపడ్డాక దాని చోట 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. రెండు సీజన్లు తిరిగేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 2023–24 సీజన్ మొత్తానికి 1 గెలుపు, పట్టికలో అట్టడుగు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలతో అరిచినవాళ్లను ఎవరూ ఓ మాట అడగలేదు.

ఈ సాయంత్రం ఆర్డీటీ గ్రౌండులో బంతి వెంట పరిగెత్తే తొమ్మిదేళ్ల పిల్లను ఊహించుకుని నేనో లెక్క వేశాను. ఇవాళ ఓ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి వస్తే 5 ఏళ్లు ఉంటుంది. ఆ పిల్లకు పద్నాలుగు నిండే ఏడాదికి గడువు తీరుతుంది. దానికి ముందటి 6 నెలల్లో మళ్లీ అర్జీ పెట్టాలి.