పందికొక్కు – బాండికూట్

ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే మాట ఉంది. అది ఎక్కడిదో తెలుసా? మన తెలుగు మాటే! కొక్కు అంటే ఎలుక. పందిని పోలిన ఎలుక పందికొక్కు. అదే ఇంగ్లీషువారి నోట బాండికూట్ అయిందని 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు చెబుతుంది.

ఆ మాట ఓడ ఎక్కి ఆస్ట్రేలియా చేరింది. పొడుగు ముక్కుతో నేల తవ్వుతూ, పిల్లలను సంచిలో మోసే వేరొక జంతువుకు అక్కడ ఆ పేరు పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. దానినుండి ‘బాండికూటింగ్’ అనే అరుదైన మాట పుట్టింది. పై ఆకులు చెదరకుండా, మట్టిలోని బంగాళాదుంపలను మాత్రం దొంగిలించడమని దాని అర్థం. తెల్లవారి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. తవ్వితే ఏమీ ఉండదు.

అనంతపురం రైతుకు దీనిని వివరించనక్కరలేదు. వానకోసం కళ్ళు కాయలు కాచేలా చూసి, అప్పు తెచ్చి విత్తిన శెనక్కాయ చేనులో కొక్కులు పడితే, పైన చెట్టు నిలిచే ఉంటుంది. కాయలు మాత్రం బొరియలోకి పోతాయి.

ఆకులున్న అంజూరపు చెట్టు దగ్గరకు ప్రభువు వెళ్లిన సంగతి మీకు తెలుసు. మన భక్తికి కూడా ఆకులున్నాయి. కింద కాయలున్నాయా? రాత్రివేళ వాటిని తీసుకుపోతున్నది పగా, త్రాగుడా, దురాశా? గట్టుమీద నిలబడితే తెలియదు. రైతు చేసినట్టు, ఒక చెట్టు పీకి చూడాలి.