మేడ్చల్ దారిలో ఆస్ట్రేలియా: అమ్మానాన్నలతో ఒక రోజు

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉండే పిల్లలు సెలవులకు ఇంటికొస్తే సగం రోజులు చుట్టాల పలకరింపులకు, మిగతా సగం కొనుగోళ్లకు సరిపోతాయి. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని తీరిగ్గా తిరిగే రోజు ఒక్కటీ మిగలదు. అలాంటి రోజు ఒకటి దొరికితే హైదరాబాద్ నుంచి మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళ్లండి. దారి పొడవునా ముచ్చట్లున్నాయి. వాటిలో కొన్ని ఏకంగా ఆస్ట్రేలియా దాకా వెళ్తాయి.

● నాన్న ఎక్కిన చిన్న రైలు
మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైళ్లు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. మార్గం మాత్రం నిజాం నాటిది. హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో 1900 ప్రాంతంలో మన్మాడ్ వరకు వేసిన లైను ఇది. అప్పట్లో రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరే. ఆ బండి ఎక్కిన జ్ఞాపకం ఉందేమో నాన్నను అడిగి చూడండి.

● నంబరు మారిన రోడ్డు
మేడ్చల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి దేశంలోనే అతి పొడవైనది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు సాగుతుంది. 2010లో నంబర్లు మార్చకముందు ఈ దారి ఏడో నంబరు రహదారిలో భాగం. అది వారణాసి నుంచి కన్యాకుమారికి వెళ్లేది. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఇది నాగపూర్ రోడ్డే.

● ఇక్కడ గౌరవం, అక్కడ బెడద
శామీర్‌పేట పెద్దచెరువు నిజాం కాలంలో మనుషులు కట్టినది. ఆ దాపునే జవహర్ జింకల పార్కు ఉంది. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. మగ జింక కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. ఇదే చుక్కల జింకను 1886లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మేరీవేల్ అనే పశువుల క్షేత్రంలో వదిలారు. పులి, రేచుకుక్క లేని నేల కావడంతో మంద పెరిగింది. పశువుల పచ్చిక మేసేస్తోందని అక్కడి రైతులు ఇప్పుడు తల పట్టుకుంటున్నారు.

● ఆకులు కాని ఆకులు
రోడ్ల పక్కన, కాలేజీ ఆవరణల్లో కొడవలిలా వంగిన ఆకులతో కనిపించే చెట్టును మనం ఆస్ట్రేలియా తుమ్మ అంటాం. ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాలు దాని పుట్టిల్లు. కొడవలి ఆకులు నిజానికి ఆకులు కావు, వెడల్పుగా మారిన ఆకు కాడలు! నీలగిరి చెట్టుదీ అదే ఖండం. జలుబు చేసినప్పుడు అమ్మ ఛాతీకి రాసిన నీలగిరి తైలం, మీరిప్పుడు ఉంటున్న దేశపు చెట్టుదన్నమాట.

● శామీర్‌పేట టీకా, సిడ్నీ విమానం
శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. భారత్ బయోటెక్ కొవిడ్ టీకా కొవాగ్జిన్‌ను తయారుచేసింది ఇక్కడే. 2021 జనవరి 3న దానికి మన దేశంలో అత్యవసర అనుమతి వచ్చింది. అదే ఏడాది నవంబర్ 1న ఆస్ట్రేలియా ఆ టీకాను ప్రయాణికులకు గుర్తించింది. సరిగ్గా ఆ రోజు నుంచే, అక్కడ స్థిరపడినవారి తల్లిదండ్రులను కూడా దగ్గరి కుటుంబంగా లెక్కించి, కొవిడ్ వేళ మూసిన సరిహద్దు దాటేందుకు ప్రయాణ మినహాయింపు ఇచ్చారు. కొవాగ్జిన్ వేయించుకుని ఎదురుచూస్తున్న అమ్మానాన్నలకు ఒకే రోజున రెండు తలుపులు తెరుచుకున్నాయి.

● ఒకప్పుడు ఒకే నేల
శామీర్‌పేట మీదుగా సాగే రాజీవ్ రహదారి రామగుండం బొగ్గు గనుల సీమకు చేరుతుంది. ఆ బొగ్గును గోండ్వానా బొగ్గు అంటారు. అదే కాలంలో ఏర్పడిన బొగ్గు న్యూ సౌత్ వేల్స్‌లోనూ ఉంది. గ్లాసాప్టెరిస్ అనే ఒకే జాతి మొక్కల ముద్రలు రెండు చోట్లా రాళ్లలో దొరుకుతాయి. ఎందుకంటే ఆ రోజుల్లో మన నేల, ఆస్ట్రేలియా నేల ఒకే మహాఖండం. ఆ ఖండానికి గోండ్వానా అన్న పేరు గోండుల సీమను బట్టే వచ్చింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండు నేలలూ విడిపోవడం మొదలైంది.

● గుండు మీద మన మాట
తిరుగు దారిలో కీసరగుట్ట ఎక్కండి. రామలింగేశ్వరుడి దర్శనం చేసుకోండి. హనుమంతుడు కాశీ నుంచి తెచ్చేసరికి ప్రతిష్ఠకు ఆలస్యమైన లింగాలే గుట్ట మీద చెల్లాచెదురుగా ఉన్నాయని స్థలపురాణం. ఇక్కడి తవ్వకాల్లో విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఈ గుట్ట రాతి మీదే ‘తొలుచువాండ్రు’ అన్న మాట చెక్కి ఉంది. రాయిని తొలిచేవాళ్లు అని అర్థం. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు శాసనాల్లో ఇదొకటి, సుమారు అయిదో శతాబ్దానిది. ఆ నాటి లిపి మనం చదవలేం. కానీ ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం చెప్పాల్సిన పని లేదు. పదిహేను వందల ఏళ్లు గడిచినా అది మన ఇంట్లో మాటే.

విదేశంలో పెరుగుతున్న మనవళ్లు వెంట ఉంటే ఆ మాట వాళ్ల చేత ఒక్కసారి పలికించండి. పక్కన అమ్మమ్మో తాతయ్యో ఉండగా పలికించండి. వచ్చే సెలవుల్లో టికెట్లు తీసుకునేటప్పుడే ఈ ఒక్క రోజును అమ్మానాన్నల పేరున రాసిపెట్టుకోండి.