గ్రంథస్వామ్య చిహ్నాలు - అనంతపుర సీమ

గ్రంథం ఎవరిదో తెలిపే ముద్రిత పత్రాన్ని అట్ట లోపలి వైపున అంటించే ఆచారం ఐరోపాలో పదిహేనవ శతాబ్ది ఉత్తరార్ధంలో మొదలైంది. దీనిని బుక్‌ప్లేటు అనీ, లాటిను పదబంధాన్ని అనుసరించి ఎక్స్ లిబ్రిస్ అనీ వ్యవహరిస్తారు. రెండవదానికి ‘ఫలానివారి పుస్తకాలలోనిది’ అని అర్థం. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. స్వామ్యపత్రం అనడం ఉచితం. పేరు కొత్తదైనా భావం మనకు కొత్త కాదు.

1480 ప్రాంతంలో జర్మనీలోని బిబెరాక్ వాసి హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ బుక్స్‌హైమ్ మఠానికి గ్రంథాలు సమర్పిస్తూ, వాటిలో చెక్కదిమ్మెతో అచ్చువేసిన చిత్రాన్ని అంటింపజేసినాడు. దేవదూత చేతిలోని డాలుపై ఎద్దు బొమ్మ ఆ చిత్రంలోని విషయం. లభించినవాటిలో అతి ప్రాచీనమైన స్వామ్యపత్రాలలో ఇది ఒకటి. ఇది సొత్తును చాటడానికి కాక దానాన్ని ప్రకటించడానికి పుట్టిందన్నది గమనార్హం. తరువాత ఇరవై ఏండ్లకు అటూ ఇటూగా ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన మిత్రుడు పిర్క్‌హైమర్‌కు గీసి ఇచ్చిన పత్రంలో, ఈ పుస్తకాలు తనకూ తన మిత్రులకూ అన్న భావం గల మాటలు ఉన్నవి. ఎరువు పోయిన పుస్తకం తిరిగి రాదని, వచ్చినా చెడి వస్తుందని హెచ్చరించిన మన చాటుకవికి ఇంతటి ఔదార్యం లేదు.

తాళపత్ర ప్రతులలో స్వామ్యం గద్యలో గాని, చివరి ఆకుపై గాని చోటుచేసుకొంటుంది. వ్రాయసకాని పేరు, వ్రాయించినవాని పేరు, సంవత్సర మాస తిథి వారాలు, కొన్నింట నూనె నుండి, నీటి నుండి, మూర్ఖుని చేతి నుండి తనను కాపాడుమని గ్రంథమే వేడుకొనే శ్లోకం కనిపిస్తాయి. ప్రభవాది నామాలు అరువది ఏండ్లకొకసారి మరలి వచ్చేవి కనుక, శకవర్షం చెప్పని ప్రతికి కాలనిర్ణయం చేసేటప్పుడు ఈ పేర్లే శరణ్యం. అందువలన గద్య ఉన్న ఆకు పోతే పోయేది ఒక్క ఆకు కాదు.

అచ్చు పుస్తకం వచ్చిన తరువాత ఈ స్థానాన్ని సిరా సంతకం, రబ్బరు ముద్ర, పాఠశాలలవారు అంటించే బహుమతి చీటీ ఆక్రమించినవి. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం పీఠభూమిలో కరువుల కారణంగా కుటుంబాలు వలసపోగా పుస్తకాలు చేతులు మారినవి. ఒక్కొక్క పుస్తకంలో రెండు మూడు సంతకాలు, ఒకదానిపై ఒకటి పడిన ముద్రలు ఉండవచ్చు. వీటిలో స్థలనామాలే కాలాన్ని పట్టిస్తాయి. 1800లో నిజాం కుంపిణీకి ధారాదత్తం చేసిన ప్రాంతానికి దత్తమండలాలు అన్న పేరు ఏర్పడింది. అనంతపురం 1882 వరకు బళ్లారి జిల్లాలో భాగం. 1916లో వెలసిన అనంతపురం కళాశాల తొలి పేరు కూడా దత్తమండల కళాశాలయే. ఆ కళాశాల అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావు 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభలో రాయలసీమ అన్న పేరును ప్రతిపాదించినారు. కనుక ‘రాయలసీమ’ అని ఉన్న ముద్ర 1928కి ముందటిది కావడం అసంభవప్రాయం. ‘దత్తమండలాలు’ అని ఉన్నది మాత్రం తరువాతిదైనా కావచ్చు; పాత ముద్ర అరిగే వరకు వాడుకోవడం కార్యాలయాల స్వభావం. అట్లే పెనుకొండ, లేపాక్షి 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ముద్రలోని జిల్లాపేరును నేటి పటంతో సరిచూడక దిద్దితే చరిత్రను చెరిపినట్లగును.

చిత్రాల విషయానికి వస్తే, ఈ ప్రాంతపు పరిశోధకునికి మొదటి పాఠ్యగ్రంథం శిలాశాసనం. విజయనగర రాజలాంఛనంలో వరాహం, ఖడ్గం, సూర్యచంద్రులు ఉన్నవి. 1565 తరువాత పెనుకొండ రాజధాని అయినది కనుక ఈ చిహ్నాలు ఇక్కడివారికి పరాయివి కావు. దానశాసనాలపై సూర్యచంద్రులు ఆచంద్రార్కం దానం చెల్లాలన్న సంకల్పానికి గుర్తు. గ్రంథదానపు చీటీపై ఇదే జంట కనిపించినప్పుడు దానిని వట్టి అలంకారంగా తలచరాదు. మైసూరు సంస్థాన చిహ్నమైన గండభేరుండం పూర్వం అచ్యుతరాయల నాణెములపై కన్పిస్తుంది. అయితే డాలు, దాని ఇరుప్రక్కల ఊతగా నిలిచే జంతువులు, అడుగున పట్టీపై ఆదర్శవాక్యం ఉంటే ఆ కూర్పు ఆంగ్లేయ లాంఛనశాస్త్రం నుండి వచ్చినది. 1877 ఢిల్లీ దర్బారుకు రాబర్ట్ టేలర్ అనే అధికారి మన సంస్థానాధీశులకు లాంఛనాలు కూర్చినాడు. ఒకే పత్రంలో బొమ్మ శాసనం నాటిదై, చట్రం దర్బారు నాటిదై ఉండడం సాధ్యమే. రెంటినీ విడదీసి చూడడమే చిత్రచరిత్రలో అసలు పని.

గ్రంథం వెళ్లిన త్రోవ తెలియకపోతే కలిగే నష్టానికి అనంతపురం చరిత్రమే నిదర్శనం. హండె పాళెగార్ల వృత్తాంతం గల తెలుగు రచనను సి.పి. బ్రౌన్ ‘రాజుల యుద్ధములు’ పేర మద్రాసులో ప్రకటించి, 1853లో ఆంగ్లానువాదం వెలువరించినారు. బ్రౌన్ పండితులచేత ప్రతులు వ్రాయించి, పోల్చి, అంచులలో గుర్తులు చేయించినారు. మెకంజీ, లేడన్, బ్రౌన్ సేకరణలు కలిసి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి పునాదియైనవి. ఏ ప్రతి ఏ ఊరి నుండి, ఎవరి చేతినుండి వచ్చినదో చెప్పవలసినవి ఆ అంచుల వ్రాతలే.

సేకర్తలు ఇక్కడనే చెరుపు చేసినారు. ఇంగ్లండులో జె. లెస్టర్ వారెన్ 1880లో స్వామ్యపత్రాలను రీతులవారీగా విభజించి చూపిన తరువాత సేకరణ వేడుకగా మారింది. పత్రాలను తడిపి ఒలిచి ఆల్బములలో అమర్చడం పరిపాటియైంది. బొమ్మ మిగిలింది; అది ఏ పుస్తకంలోనిదో మరుగైంది. మన గ్రంథాలయాలలో ఆ పని బైండువారు చేస్తున్నారు. పాత అట్టతోబాటు మొదటి తెల్లకాగితాన్ని పారవేసి కొత్తది చేర్చుతారు. మైదాజిగురు కోసం వెండిపురుగు, చెద ఎట్లాగూ అంటించిన పత్రాన్నే ముందు పట్టుకొంటాయి. జిగురులో మైలతుత్తం కలిపితే పురుగు ఆగుతుంది గాని కాలక్రమాన కాగితం పెళుసుబారుతుంది.

పుస్తకాన్ని బైండుకు పంపేముందు సంతకం, ముద్ర, చీటీ ఉన్న పుటలను ఉన్నచోటనే ఛాయాచిత్రం తీయించి, కొలతలు, సిరా రంగు, పుస్తకపు పేరు, చేర్పు సంఖ్య ఒకే చీటీపై వ్రాయాలి. కొట్టివేసిన పేర్లను కూడ చదివినంతవరకు ఎత్తి వ్రాయాలి. పాత తెల్లకాగితాన్ని కొత్త అట్టలోనే కుట్టుమని బైండువానికి ముందుగా చెప్పాలి.