కూలి లెక్క బహిరంగం, భూమి లెక్క రహస్యం

మా ఊరి పంచాయతీ కార్యాలయం ముందు ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ గ్రామసభ జరిగిన రోజు నాకు బాగా గుర్తు. మైకులో మా అమ్మ పేరు చదివారు. ఎన్ని రోజులు మట్టి పనికి వెళ్లిందో, ఎంత కూలి పడిందో ఊరందరి ముందు చెప్పి, ‘నిజమేనా?’ అని అడిగారు. అమ్మ లేచి నిలబడి ‘నిజమే’ అన్నది. మాదిగవాడలో పనికి వెళ్లిన ప్రతి ఇంటి లెక్కా అలాగే బయటకు వచ్చింది. అందులో నాకు అవమానమేమీ కనిపించలేదు. ప్రజల సొమ్ముకు ప్రజల ముందు లెక్క చెప్పడం న్యాయమే. కానీ అదే ఊరిలో పదుల ఎకరాలున్నవారి ఖాతాల్లో పడిన రైతుబంధు సొమ్మును ఏ గ్రామసభలోనూ ఎవరూ చదవలేదు. నా ప్రశ్న అక్కడే మొదలైంది.

2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు ఇచ్చింది. మరుసటి ఏడాది అది 5,000 అయింది. విస్తీర్ణానికి పరిమితి లేదు. పట్టాదారు పాసు పుస్తకమే అర్హత. దున్నిన కౌలుదారుకు దక్కలేదు, పడావు భూమి పట్టాదారుకు దక్కింది. సాగులో లేని భూములకూ డబ్బు వెళ్లిందని తరువాతి ప్రభుత్వమే చెప్పింది.

లబ్ధిదారుల్లో బడుగు వర్గాలవారే అధికమని పాలకులు చెబుతుంటారు. కావచ్చు. అయితే తలల లెక్క వేరు, రూపాయల లెక్క వేరు. ఎకరా చొప్పున ఉన్న పదిమందికి ఏడాదికి కలిపి లక్ష రూపాయలు వస్తే, యాభై ఎకరాలున్న ఒక్కరికి 5 లక్షలు వస్తాయి. పదకొండు మందిలో పదిమంది పేదలే, కానీ ఆరు లక్షల్లో ఐదు లక్షలు ఒక్కరివే. దేశ జనాభాలో 16.6 శాతం ఉన్న దళితుల చేతిలోని సాగుభూమి 2010-11 వ్యవసాయ గణన ప్రకారం 9 శాతం లోపే. ఇటువంటి దేశంలో ‘ఎకరాకు ఇంత’ అనే సూత్రానికి కులం లేదనగలమా?

2025 జనవరిలో వచ్చిన రైతుభరోసా సాగుయోగ్యమైన ప్రతి ఎకరాకూ ఏడాదికి 12,000 అన్నది. భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద అదే 12,000 కుటుంబం మొత్తానికి. అదీ ఉపాధి పనుల్లో కనీసం 20 రోజులు పనిచేసినట్టు రికార్డు ఉంటేనే. భూమి ఉన్నవారికి పాసు పుస్తకం చాలు, లేనివారు చెమటకు సాక్ష్యం తేవాలి.

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 రాయితీ పథకాల కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వమే ప్రకటించాలంటున్నది. వ్యక్తిగత గోప్యత మాటేమిటని కొందరు అడుగుతారు. ఐరోపా సమాఖ్యలోనూ ఈ వివాదం వచ్చింది. వ్యవసాయ రాయితీలు పొందే వ్యక్తులందరి పేర్లనూ, మొత్తంతో నిమిత్తం లేకుండా ప్రచురించడం చెల్లదని 2010లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. తరువాత చిన్న మొత్తాలు పొందేవారి పేర్లు మినహాయించి, మిగిలినవారి పేర్ల ప్రచురణను పునరుద్ధరించారు. మనమూ ఐదెకరాలలోపు రైతుల పేర్లను మినహాయించవచ్చు. మట్టి మోసిన కూలీకి లేని గోప్యత పెద్ద పట్టాదారుకు మాత్రం ఎందుకు?

కనుక ప్రతి పంట కాలం తరువాత చెల్లింపుల జాబితాను గ్రామసభలో చదవాలి. ఏ విస్తీర్ణం వారికి, ఏ కులాల వారికి ఎన్ని రూపాయలు చేరాయో మండలాల వారీగా ప్రకటించాలి. భూమిని నిజంగా సాగు చేస్తున్నది ఎవరో ఆ లెక్క పక్కనే నమోదు చేయాలి. రాయితీ ఉండాలా, పరిమితి పెట్టాలా అన్న చర్చ ఆ తరువాతే అర్థవంతమవుతుంది.

ఆ రోజు అమ్మ ఊరి ముందు నిలబడి ‘నిజమే’ అన్నది. ఆమె కలుపు తీసిన చేను ఆసామి కూడా ఒక్కసారి అలా నిలబడి తన లెక్క చెప్పాలి. మేము అడుగుతున్నది అంతే.